దత్తత పోయిన రోడ్డు

కాలిఫోర్నియా రాష్ట్ర రహదారుల్లో తొమ్మిదో నంబరుది ఒకటుంది. శాంటా క్రూజ్‌లో మొదలై, రెడ్‌వుడ్ చెట్ల మధ్యనుంచి కొండలెక్కి, సారటోగాలో దిగి, లాస్ గాటోస్ చేరి అక్కడితో ఆగిపోతుంది. అంతా కలిపితే నలభై మైళ్ళు లేదు. ఆ లోయలో కాపురం ఉండేవాళ్ళూ, శని ఆదివారాల్లో మోటారుసైకిళ్ళ మీద షికారుకెళ్ళేవాళ్ళూ, ఇండియానుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చెట్లు చూపించడానికి వెళ్ళే మనబోటివాళ్ళూ తప్ప దాంతో ఎవరికీ పెద్ద పని ఉండదు. ఇంత చిన్నదానికి ఒంటి అంకె నంబరు ఎందుకిచ్చారా అని నాకు చాలాకాలం అనుమానం ఉండేది. వృత్తిరీత్యా పాత ప్రోగ్రాములు తవ్వుకునేవాణ్ణి. ఎక్కడైనా పొసగని నంబరు కనిపిస్తే దాని వెనక ఏదో కథ ఉంటుందని అనుభవం.

కథ ఉంది. 1964కి ముందు ఆ రోడ్డు సారటోగాలో ఆగేది కాదు. అక్కణ్ణుంచి ఉత్తరానికి తిరిగి సన్నీవేల్ వెళ్ళి, అఖాతం అంచు చుట్టి మిల్పీటస్ మీదుగా, మిషన్ శాన్ హొసే, నైల్స్ ఊళ్ళు దాటి హేవర్డ్ దాకా పోయేది. అంటే ఇవాళ మనవాళ్ళ ఇళ్ళూ, ఆఫీసులూ, పచారీ కొట్లూ, గుళ్ళూ, దోసె హోటళ్ళూ ఏ దారిన ఉన్నాయో దాదాపు ఆ దారంతా ఒకప్పుడు తొమ్మిదో నంబరే. 1964లో రాష్ట్రమంతా రోడ్ల నంబర్లు తిరగరాసినప్పుడు తొమ్మిదిని కొండల్లో వదిలేసి, మైదానంలో ఉన్న ముక్కలకి 85, 237, 238 అని కొత్త పేర్లు పెట్టారు. ఆ తరువాత 85 నంబరు ఫ్రీవే మీదికి వెళ్ళిపోయింది. 1994లో ఆ ఫ్రీవే పూర్తయ్యాక కుపర్టీనో మధ్యనుంచి పోయే పాత రోడ్డు మామూలు ఊరివీధిగా మిగిలింది. 238 దక్షిణపు సగాన్ని 680 ఫ్రీవే మింగేసింది. మిగిలింది ఫ్రీమాంట్‌నుంచి హేవర్డ్ వైపు పోయే మిషన్ బులవార్డ్. ఇప్పుడు హేవర్డ్ నడిబొడ్డున అది కూడా రాష్ట్రానిది కాదు. ఊరికి ఇచ్చేశారు.

ఈ చివరి ముక్క గురించే నా బాధంతా. రోడ్డు పొట్టిదవడం అంత ఆలోచించాల్సిన సంగతేనా అని మీకు అనిపించవచ్చు. రోడ్డు ఎక్కడికీ పోలేదు, తారు అక్కడే ఉంది, నంబరు పలక ఒక్కటే పోయింది. అయితే ఆ నంబరు పేరు చెప్పి ఒకప్పుడు కొన్ని వందల స్థలాలు తీసుకున్నారు. పేరు ఎత్తేసినవాడికి ఆ బాకీ కూడా ఎత్తిపోతుందా అన్నది నా ప్రశ్న.

ముందు కాస్త చరిత్ర చెప్పుకోవాలి. మిషన్ బులవార్డ్‌కి ఆ పేరు ఊరికే రాలేదు. 1797లో స్పెయిన్ పాదిరీలు ఓలోనీ ప్రజల నేల మీద మిషన్ శాన్ హొసే కట్టారు. దానికి వచ్చే పోయే దారే ఈ రోడ్డుకి మూలం. కొండ అడుగునే పోతుంది. ఆ కొండ అడుగున మరొకటి కూడా పోతుంది: హేవర్డ్ ఫాల్ట్. 1868 అక్టోబరులో అది కదిలి హేవర్డ్ ఊరిని నేలమట్టం చేసింది. అయినా జనం నేర్చుకున్నదేమీ లేదు. 1930 ప్రాంతాల్లో కట్టిన హేవర్డ్ పాత సిటీ హాలు సరిగ్గా ఆ పగులు మీదే కూచుంది. ఏటా కొద్దికొద్దిగా గోడలు విడిపోతుంటే చివరికి ఖాళీ చేయాల్సి వచ్చింది. తరువాత ఈ ఊళ్ళు ఒక్కొక్కటే శివారు బస్తీలయ్యాయి. 1956లో అయిదు ఊళ్ళు కలిసి ఫ్రీమాంట్ అయింది. 1959లో అల్వరాడో, డెకోటో కలిసి యూనియన్ సిటీ అయింది. నేరేడు రంగు ఆప్రికాట్లు అని మా అబ్బాయి ఒకసారి రాశాడుగానీ, అవి పసుపే. ఆ పసుపు తోటల స్థానంలో ఒకే అచ్చు ఇళ్ళు లేచాయి.

ఇక్కడొక చిన్న పక్కదారి. 238లో ఉత్తరపు కొస ముక్కని 1980లలో ఇంటర్‌స్టేట్ చేశారు. ఇంటర్‌స్టేట్ నంబర్లకి ఒక పద్ధతి ఉంది. మూడంకెల నంబరులో చివరి రెండంకెలూ దాని తల్లి రోడ్డువి అయి ఉండాలి. అమెరికాలో 38 నంబరు ఇంటర్‌స్టేట్ లేనేలేదు. తల్లి లేని పిల్ల ఇది. మా వృత్తిలో అయితే ఇలాంటిదాన్ని ఎవరో శుక్రవారం సాయంత్రం చేసిన పని అంటాం.

అసలు విషయానికొస్తాను. మిషన్ బులవార్డ్ మీద బళ్ళు పెరిగిపోతున్నాయని, దానికి బదులుగా కొండవాలున ఫుట్‌హిల్ ఫ్రీవే వేయాలని రాష్ట్ర రహదారుల శాఖ సంకల్పించింది. సుమారు పద్నాలుగు మైళ్ళు. 1960ల నడిమినుంచి దాని దారిలో ఉన్న ఇళ్ళూ, స్థలాలూ కొనడం మొదలుపెట్టారు. నాలుగు వందలకి పైగా. "కొనడం" అని మర్యాదకి అంటున్నాను. అమ్మనంటే కోర్టు ద్వారా తీసుకునే అధికారం చేతిలో ఉన్నవాడు వచ్చి బేరమాడితే అది ఎలాంటి బేరమో మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

1971లో ఇళ్ళు పోగొట్టుకోబోతున్నవాళ్ళ తరఫున ఫెడరల్ కోర్టులో దావా పడింది. వాదుల్లో ముందు నిలిచిన సంస్థ లా రాసా యునీదా, ఆ ప్రాంతపు మెక్సికన్ అమెరికన్ల సంఘం. ప్రతివాది పేరు అప్పటి కేంద్ర రవాణా మంత్రి వోల్పీ. వాళ్ళడిగింది చిన్న మాట: మమ్మల్ని లేపే ముందు మేం ఉండగలిగే మరో ఇల్లు ఉందో లేదో చూశారా? ఈ ఫ్రీవే వల్ల పరిసరాలకి ఏమవుతుందో లెక్క కట్టారా? అలా చూడాలని ఫెడరల్ చట్టం చెబుతుంది. రాష్ట్రం ఏమందంటే, మేమింకా ఫెడరల్ డబ్బు అడగలేదు, అడుగుతామో లేదో కూడా తేల్చుకోలేదు, అంచేత ఆ చట్టాలు మాకు పట్టవు అంది. కోర్టు ఒప్పుకోలేదు. ఫెడరల్ ప్రభుత్వం దగ్గర మార్గానికి ఆమోదం తీసుకున్నారు కదా, రేపు డబ్బు అడిగే వీలు అట్టే పెట్టుకున్నారు కదా, ఆ వీలుతో పాటు వచ్చే బాధ్యతలు కూడా ఇప్పటినుంచే మీవి అంది. 1973లో పై కోర్టు కూడా అదే ఖాయం చేసింది. నేను లాయర్ని కాను. కానీ ఇంతకన్నా ధర్మంగా ఉన్న వాదన ఈ మధ్యకాలంలో నేను చదవలేదు.

ఫ్రీవే ఆగింది. స్థలాలు మాత్రం వెనక్కి వెళ్ళలేదు. కొన్ని ఇళ్ళు అప్పటికే పడగొట్టారు, కొన్నిట్లో అద్దెకి జనాన్ని పెట్టారు. రోడ్లేయడానికి పుట్టిన శాఖ దశాబ్దాలపాటు ఇంటి యజమాని అవతారం ఎత్తింది. 1986లో కౌంటీ ప్రజలు అరసెంటు అమ్మకం పన్నుకి ఒప్పుకుని, అందులో ఈ పని కూడా చేర్చారు. తీరా చూస్తే అప్పుడు చెప్పిన దారి ఒకటి, ఇప్పుడు వేయబోయేది ఒకటి అని మళ్ళీ వ్యాజ్యం. 1990ల చివర్లో ఆ డబ్బు దీనికి వాడకూడదని కోర్టు తేల్చింది. ఏతావాతా ఫ్రీవే రాదని అందరికీ అర్థమయ్యేసరికి నలభై ఏళ్ళు గడిచాయి. హేవర్డ్‌లో ఇళ్ళ మధ్య పళ్ళూడిన నోరులా ఖాళీ జాగాలు, వాటిల్లో మోకాలెత్తు గడ్డి, చుట్టూ తీగ కంచె. 2013లో ఫ్రీవే బదులు ఊరి నడుమ వీధుల్నే ఒకవైపు దారులుగా మార్చి గుండ్రంగా తిప్పారు. ఆ చక్రవ్యూహంలో చిక్కుకున్నవాళ్ళకి దాని గురించి నేను చెప్పనక్కర్లేదు.

ఇచ్చేయడం సంగతి చూద్దాం. రాష్ట్రం ఒక రోడ్డుని ఊరికి ఒప్పగించాలంటే శాసనసభ చట్టం చేయాలి, రవాణా కమిషన్ ఒప్పుకోవాలి, గుంతలు పూడ్చి మంచి స్థితిలో ఇవ్వాలి. ఇలాంటి చట్టాల్లో మామూలుగా రెండు షరతులుంటాయి. ఒకటి, ఇకమీదట ఇది రాష్ట్ర రహదారి కాదు, మళ్ళీ దత్తత తీసుకోవడానికి వీల్లేదు. నిజంగా దత్తత అన్న మాటే వాడతారు. రెండోది, ఊరివాళ్ళు ఈ ముక్క మీద బోర్డులు పెట్టి, మిగతా రహదారి ఎటు కొనసాగుతుందో దారినపోయేవాళ్ళకి చూపిస్తుండాలి. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. మనవైపు దత్తత ఇచ్చిన పిల్లవాడికి పుట్టింటి ఆస్తిలో వాటా ఉండదు, పుట్టింటి బాకీలూ ఉండవు, గోత్రమే మారిపోతుంది. వీళ్ళు మాత్రం గోత్రం మార్చి పంపేసి, వచ్చేపోయేవాళ్ళకి పుట్టిల్లు ఎటో చెబుతూ ఉండమన్నారు.

స్థలాలకీ ఇంచుమించు ఇదే జరిగింది. 2016లో హేవర్డ్ ఊరు రాష్ట్రంతో ఒప్పందం రాసుకుని ఆ జాగాల్ని పది గుత్తులుగా విడగొట్టి అమ్మకానికీ, కట్టుబడికీ పూనుకుంది. ఇళ్ళు, పార్కు, బడి, తక్కువ ఆదాయంవాళ్ళకి అపార్ట్‌మెంట్లు వగైరా. ఇందులో తప్పేముంది? ఇళ్ళు లేక జనం కార్లలో పడుకునే చోట యాభై ఏళ్ళు ఎండిన నేలలో ఇళ్ళు కడితే సంతోషించాలి. నేనూ సంతోషించాను. ఆ సంతోషానికి అడ్డుపడ్డది మా తాతగారు.

కృష్ణా జిల్లాలో మా ఊరి పక్క ఆయనకి ఎకరం ముప్పావు మాగాణి ఉండేది. 1970లలో రోడ్డు మళ్ళింపు కోసమని ఒక శాఖవారు తీసుకున్నారు. అవార్డు ప్రకటించారు, చెక్కు ఇచ్చారు, ఆయన పుచ్చుకున్నారు. అందులో వివాదం లేదు. ఆ తరువాత ఎవరో ఏదో ఆలోచించి మళ్ళింపుని ఊరికి అవతలి వైపు నుంచి తీసుకెళ్ళారు. మా చేలో కొన్నాళ్ళు కంకర గుట్టలు పోశారు, కొన్నాళ్ళు తుమ్మ చెట్లు మొలిచాయి, ఆనక వేలం వేశారు. ఇవాళ అక్కడ ఒక కల్యాణమండపం ఉంది. మా చెల్లెలి పెళ్ళి అందులోనే చేశాం, అద్దె కట్టి. తాతగారు పోయేదాకా డబ్బు తక్కువిచ్చారని ఒక్కసారి కూడా అనలేదు. ఆయన మాట ఎప్పుడూ ఒకటే: "రోడ్డుకన్నారు కదరా, ఇచ్చాను. రోడ్డు వద్దనుకున్నప్పుడు ఓ మాట చెప్పొద్దూ?"

మా ఆఫీసులో గుంటూరు మిత్రుడొకడికి ఈ మాట చెబితే, "మాస్టారూ, మార్కెట్ రేటు ఇచ్చారా లేదా? ఇచ్చాక ఆ నేలలో రోడ్డేస్తే ఏం, రొయ్యల చెరువు తవ్వితే ఏం? మీరు కారమ్మేశాక కొన్నవాడు దాన్ని టాక్సీ తిప్పుకుంటే అడుగుతారా?" అన్నాడు. వాదన గట్టిదే. నేను కారు అమ్మితే అడగను, నిజమే. కానీ కారు కొన్నవాడు నా ఇష్టం లేకుండా కొనలేదు. "అందరికోసం" అన్న ఒక్క కారణమే మా తాతగారి ఇష్టానికి బదులుగా నిలబడింది. ఆ కారణం లేకపోతే ఆ చెక్కుతో ఆయన దగ్గరికి వచ్చే హక్కే వాళ్ళకి లేదు. అందరికోసం అని తీసుకున్నది ఇక అందరికీ అక్కర్లేదని తేలినప్పుడు, నా లెక్కలో ఆ నేల దగ్గర శాఖవారు సొంతదారులు కారు, ధర్మకర్తలు. ధర్మకర్త గుడి మాన్యం అమ్మాల్సి వస్తే నలుగురికీ చెప్పి అమ్ముతాడు. కనీసం అలా అమ్మాలి.

ఇది నా సొంత చాదస్తమేమీ కాదు. లాస్ ఏంజెలస్ పక్క పాసడీనాలో 710 ఫ్రీవే కోసం ఇలాగే ఇళ్ళు తీసుకుని, ఇలాగే దశాబ్దాలు ఊరించి, 2018లో వద్దన్నారు. అక్కడి ఇళ్ళ కోసం 1979లోనే చట్టం ఉంది. అక్కర్లేదనుకున్న ఇల్లు అమ్మేటప్పుడు, పాత సొంతదారు ఇంకా అందులోనే ఉంటుంటే మొదట అతణ్ణి అడగాలి, ఆ తరువాత అద్దెకున్నవాళ్ళని. మన దేశంలో 2013 భూసేకరణ చట్టం 101వ సెక్షన్ కూడా, తీసుకున్న భూమి అయిదేళ్ళు వాడకపోతే సొంతదారుకో అతని వారసులకో తిరిగివ్వాలని, లేదా ప్రభుత్వ భూనిధిలో వేయాలని చెప్పింది. ఆ "లేదా" ఎంత పెద్ద కన్నమో చూడండి. ఏనుగు తోకతో సహా పోతుంది. అయినా చట్టంలోకి ఆ ఆలోచన వచ్చిందంటేనే మా తాతగారి ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదన్నమాట.

అమరావతి పేరు మీ మనసులో ఈపాటికే మెదిలి ఉంటుంది. 2015లో 33,000 ఎకరాలకి పైగా రైతులు రాజధాని కోసమని ఇచ్చారు. 2019 చివర్లో మూడు రాజధానుల మాట వచ్చింది, పనులు ఆగిపోయాయి, 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కదిలాయి. అది భూసేకరణ కాదు, ల్యాండ్ పూలింగ్. ప్లాట్లు తిరిగిస్తామన్న ఒప్పందం. రాజకీయాల్లో ఎవరిది ఒప్పో తేల్చే పని నాకొద్దు. ఆ నాలుగైదేళ్ళు అక్కడి రైతులు రోడ్డెక్కి అడిగినదాంట్లో డబ్బు భాగం ఎంత, "దేనికని తీసుకున్నారు" అన్న భాగం ఎంత అని మాత్రం గమనించాను.

ఇక్కడ నన్ను నేనే వేసుకున్న ఎదురుప్రశ్నలు కూడా చెప్పాలి. హేవర్డ్‌లో 1966లో ఇల్లిచ్చినవాడు ఇవాళ ఎక్కడుంటాడు? పిల్లలు ఏ అరిజోనాలోనో ఉంటారు. ఆ ఇంట్లో ముప్ఫయ్యేళ్ళు అద్దెకుండి గులాబీలు పెంచిన మనిషికి ఏమీ హక్కు లేదా? ఇంకా వెనక్కి వెళితే, ఆ నేల అసలు ఓలోనీలది. వాళ్ళకెవరు చెక్కిచ్చారు? ఈ తవ్వకం ఎక్కడ ఆపాలో తెలియదు కాబట్టి అసలు మొదలుపెట్టకూడదు అనేవాళ్ళున్నారు. నాకు ఆ మాట నచ్చదు. ఓలోనీల నేలని రాయించుకున్న కాగితాలు లేవు. 1966 కాగితాలున్నాయి. అమ్మినవాడి పేరు, తేదీ, సంతకం కౌంటీ ఆఫీసులో భద్రంగా ఉన్నాయి. పన్ను బాకీ పడితే తాతల నాటి అడ్రసు కూడా వెతికి ఉత్తరం పంపగలిగిన ప్రభుత్వం, "మీ నాన్నగారి స్థలం ఇక మాకు అక్కర్లేదు, మీకేమైనా ఉద్దేశం ఉందా?" అని ఒక ఉత్తరం పంపలేదా? ఎక్కువమంది వద్దనే అంటారు. కొందరు జవాబే రాయరు. ఆ స్థలం ఆఖరికి తక్కువ ఆదాయంవాళ్ళ అపార్ట్‌మెంట్లకే వెళ్ళినా నాకు పేచీ లేదు. మన పల్లెల్లో పొలం అమ్మదలచుకున్నవాడు ముందు పాలివాళ్ళని, తరువాత గట్టు రైతుని అడుగుతాడు. వాళ్ళు కొంటారని కాదు. అడక్కుండా అమ్మితే రేపు పెళ్ళిలో ఎదురుపడినప్పుడు మొహం చూపించలేడు.

ఇదే హేవర్డ్‌లో అఖాతం వైపు రసెల్ సిటీ అని నల్లవాళ్ళూ, లాటినోలూ ఉండే బస్తీ ఒకటుండేది. 1960లలో పారిశ్రామికవాడ కోసమని దాన్ని మొత్తం ఖాళీ చేయించి నేలమట్టం చేశారు. 2021 నవంబరులో హేవర్డ్ నగర సభ దానికి క్షమాపణ చెప్పింది. అంటే దాదాపు అరవై ఏళ్ళ తరువాత కూడా పాత కాగితం తీసి, పేర్లు చదివి, మాట చెప్పడం సాధ్యమే. అక్కడ పరిశ్రమలు వచ్చాయి. కొండవైపు రోడ్డు కూడా రాలేదు.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు తవ్వానంటే, ఈ ఏడాది మేం ఇల్లు మారదామనుకుంటున్నాం. మిషన్ బులవార్డ్‌కి కొండవైపున కొత్తగా కట్టిన వరస ఇళ్ళల్లో ఒకటి మా ఆవిడకి నచ్చింది. వంటింట్లోకి ఉదయపు ఎండ వస్తుంది, ఆవిడ ఆఫీసుకి బార్ట్ రైలు దగ్గర. అమ్మేవాళ్ళిచ్చిన కాగితాల కట్ట రెండంగుళాల మందం ఉంది. భూకంపపు పగులు ఎంత దూరమో అందులో ఉంది, 1972 నాటి చట్టం ప్రకారం చెప్పి తీరాలి. కార్చిచ్చు ప్రమాదం, వరద ప్రమాదం, విమానాల చప్పుడు, అన్నీ ఉన్నాయి. ఆ నేలలో ముందు ఎవరిల్లు ఉండేదో, ఎందుకు పోయిందో ఒక్క పంక్తి లేదు. అది ప్రమాదాల జాబితాలోకి రాదు కాబట్టి.

మా ఆవిడ నా కన్నా తేలిగ్గా ఆలోచిస్తుంది. "మనం కొనకపోతే ఆ ఇల్లు వాళ్ళకి వెళుతుందా? ఇంకొకళ్ళకి వెళుతుంది. మీ తాతగారి పొలంలో మండపం కట్టినవాణ్ణి మీరేమైనా అన్నారా? అద్దె కట్టి భోంచేసి వచ్చాం" అంది. దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. కొన్నవాడి మీద బాకీ లేదనే నేనూ అనుకుంటున్నాను, బాకీ తీసుకున్నవాడిది. కానీ ఆ మండపం యజమానికి ఆ నేల కథ తెలుసు. మా చెల్లెలి పెళ్ళికి అద్దె మాట్లాడడానికి వెళ్ళినప్పుడు మా నాన్న పేరు వినగానే లేచి నిలబడి, "ఇది మీ చేనే కదండీ" అన్నాడు. అద్దె ఒక్క రూపాయి తగ్గించలేదు. మా నాన్న మాత్రం ఇంటికొచ్చి ఆ మాట మా అమ్మకి రెండుసార్లు చెప్పాడు.

పోయిన శనివారం కౌంటీ రికార్డుల ఆఫీసు వేళలు కనుక్కున్నాను. ఆ ప్లాటు నంబరుతో వెనక్కి వెళితే 1960ల నాటి దస్తావేజు దొరుకుతుందని అక్కడామె చెప్పింది. పేజీకి ఇంత అని రుసుము కట్టాలట. వచ్చే బుధవారం సెలవు పెట్టాను.